చెయ్యి వెయ్యకూడని చోటు

"చెయ్యి తియ్యండత్తయ్యా! తియ్యండి ముందు!"

చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి దూసుకొచ్చిన తల్లి కేకకి మంచం మీదున్న ఇద్దరూ అదిరిపడ్డారు. మిరియం గౌను పైకి లాక్కుని వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన నానమ్మ అరచేతికి నూనె రాసుకుని పిల్ల బొడ్డు చుట్టూ గుండ్రంగా రుద్దుతోంది. కేకకి ఆ చెయ్యి ఆగింది గానీ పైకి లేవలేదు.

తల్లి ఆ మణికట్టు పట్టుకుని అవతలికి లాగేసింది. ఇన్నేళ్ల కాపురంలో అత్తగారిని అలా పట్టి లాగడం అదే మొదటిసారి.

"ఏమైందే అమ్మాయ్? ఏం చేశాన్నేను?"

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నారిలా?"

"ఎలా?"

"పొట్ట రుద్దడం!"

నానమ్మ తన అరచేతిని తిప్పి చూసుకుంది. "రోజూనే. నువ్వు డ్యూటీకెళ్లాక. పొట్ట రుద్దితే గాని కన్ను మూయదుగా. పుట్టినప్పట్నుంచీ దానికి అదే అలవాటుగా."

"ఆపకు నానమ్మా," అంది మిరియం కళ్లు తెరవకుండానే. "ఇంకా నొప్పి పోలేదు."

తల్లి మంచం అంచున కూర్చుంది. "నొప్పేంటమ్మా? ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి. అందుకే గట్టిగా రుద్దమన్నా."

గట్టిగా అన్న ఆ మాట వినగానే తల్లి గౌను కిందికి లాగింది. పిల్ల పొట్టని చేత్తో తడిమి చూడాలని ఉంది, తడమకూడదు. చూపులతోనే తడిమింది.

మిరియం ఎడమ కిడ్నీ మీద కాన్సరు గడ్డ ఉంది. హాస్పిటల్లో చేరిన మొదటి రోజే పిల్ల మంచానికి ఒక ఎర్ర అట్ట కట్టారు: పొట్ట నొక్కరాదు. అక్కడ నర్సులు కూడా పిల్లని ఎత్తుకోవాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతారు. గడ్డ చుట్టూ ఉండే పొర పల్చన. నొక్కితే చిట్లొచ్చు. చిట్లితే లోపలున్నది పొట్టంతా చిమ్ముతుంది, అప్పుడు జబ్బు ఒక మెట్టు పైకెక్కుతుంది. ఇదంతా డాక్టర్లు తల్లికి చెప్పారు, తండ్రికి చెప్పారు. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. పొద్దస్తమానం పిల్లని చూసుకునే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నానమ్మ దృష్టిలో అది కిడ్నీ వాపు. అలా అని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారు. తాతయ్య పోయింది ఇలాంటి జబ్బుతోనే. అప్పట్నుంచీ ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ నోటితో పలకరు. అందుకని పెద్దావిడ తట్టుకోలేదని కొడుకు వాపు కథ అల్లాడు. మందులకి పిల్ల జుట్టంతా రాలిపోతే, మందులు వేడి చేశాయని ఇంకో కథ అల్లాడు. మిరియం మాత్రం నున్నటి గుండు అద్దంలో చూసుకుని, "ఇప్పుడు నేను నిజంగా మిరియపు గింజనే" అని పకపకా నవ్వింది. మిగతావాళ్లకి నవ్వు రావడానికి కొంచెం టైం పట్టింది.

తల్లి ఫోన్ తీసి హాస్పిటల్‌కి చేసింది. పిల్లకి పొట్ట నొప్పని మాత్రం చెప్పింది. అవతల డ్యూటీ నర్సు రెండే ప్రశ్నలు అడిగి, వెంటనే తీసుకొచ్చెయ్యండి అంది.

తండ్రి కంపెనీ వ్యాను వేసుకుని వచ్చేశాడు. లిఫ్టు మెకానిక్కు. ఏదో ఎనిమిదంతస్తుల బిల్డింగులో పని మధ్యలో వదిలేసి వచ్చాడేమో, చేతులకి ఇంకా గ్రీజు ఉంది. నానమ్మ పిల్లకి గౌను మారుస్తోంది. ఒక్కో చెయ్యీ దూర్చేటప్పుడు ఎక్కడ తగులుతుందోనని భయపడుతూ మారుస్తోంది.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకోవాలంటే వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పుతారు. నీళ్ల చప్పుడులో పెద్దావిడకి వినపడదని ధీమా. ఇప్పుడూ అదే చేశారు.

"మీరు చెప్పలేదా అత్తయ్యకి?"

"నువ్వు చెప్పుంటావనుకున్నా."

"నేనెలా చెప్తాను? ఏమీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది మీరు కాదూ?"

"జబ్బు పేరు చెప్పొద్దన్నాను. పొట్ట మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పడానికి జబ్బు పేరెందుకు?"

"ఎందుకు వెయ్యకూడదే అని ఆవిడ అడగదా? అడిగితే ఏం చెప్పేది?"

"ఏదో ఒకటి చెప్పొచ్చుగా!"

"ఏదో ఒకటి చెప్పడం మీకు చేతనైనంత బాగా నాకు చేతకాదు."

 సింకులో గిన్నె నిండి పొర్లుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు, ఎవరూ తియ్యలేదు.

"మొదట్లోనే నా మాట విని మొత్తం తీయించేసి ఉంటే," అన్నాడు చివరికి, "ఇవాళ దాని పొట్టలో చిట్లడానికి ఏమీ ఉండేది కాదు."

"ఇప్పుడా ఆ గొడవ?"

"ఎప్పుడైనా అదేగా మన గొడవ."

నిజమే. కొన్ని వారాలుగా ఆ ఇంట్లో అదే గొడవ. మిరియం కుడి కిడ్నీ పుట్టుకతోనే చిన్నది. ఉందంటే ఉంది, పనిచేస్తుందంటే ఏదో చేస్తుంది. జబ్బు మాత్రం బాగా పనిచేసే ఎడమదాన్నే పట్టుకుంది. ఆపరేషన్ చెయ్యడానికి హాస్పిటల్లో ఇద్దరు సర్జన్లున్నారు, ఇద్దరిదీ చెరో దారి. పెద్దాయన పిల్లల దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా ఈల వేస్తూ వస్తాడు, అందుకని మిరియం ఆయనకి ఈల డాక్టరని పేరు పెట్టింది. ఆయన మాట ఒకటే. గడ్డతో పాటు ఎడమ కిడ్నీ మొత్తం ఒక్క ముక్కగా బయటికి రావాలి. జబ్బు మళ్లీ రాకుండా ఉండటానికి అంతకన్నా గట్టి దారి లేదు. రెండో ఆవిడ పొడుగు డాక్టరమ్మ. మందులతో గడ్డ బాగా కుంచించుకుపోయింది, అదీ కిడ్నీ పై కొసన ఉంది, చుట్టూ కాస్త మంచి కండతో సహా కోసి తీసేస్తే కింది సగం మిగుల్చుకోవచ్చు, కుడిది అంత బలహీనంగా ఉన్నప్పుడు ఆ సగమే పిల్లకి దిక్కు అంటుంది. కాకపోతే కోసిన అంచులో జబ్బు మిగిలిందా, మళ్లీ మొదటికొస్తుంది.

చిన్న చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషన్ ఉంటుందట కదా అని తండ్రి ఒకసారి అడిగాడు. ఆ విషయంలో మాత్రం డాక్టర్లిద్దరూ ఒకే మాటన్నారు. వద్దు, దీన్ని లాగకుండా, నలపకుండా తియ్యాలి, పొట్ట బాగా తెరవాల్సిందే.

"తాడులో ఒక్క పోగు తెగినా తాడంతా మార్చేస్తాం మేము," అన్నాడు తండ్రి. "మిగతా పోగులు బాగున్నాయి కదా అని ఉంచం. కింద మనుషులుంటారు."

"మీ తాడు కొట్లో దొరుకుతుంది. ఇది తీసేశాక ఏది తెచ్చి తగిలిస్తారు?"

"అవసరమైతే నాది ఇస్తాను."

"అదీ ఇప్పుడు కాదు. జబ్బు పోయిందని నమ్మకం కుదరాలి, అది ఏళ్ల మాట. అప్పటిదాకా?"

అప్పటిదాకా ఏమిటో ఆమెకి తెలుసు. ఆమె పనిచేసేది ఇంకో హాస్పిటల్లో, కిడ్నీలు పోయినవాళ్ల రక్తం మిషన్లతో కడిగే డయాలసిస్ సెంటర్లో. పొద్దున్నే మనుషుల్ని మిషన్లకి తగిలించి, గంటల తరబడి ఆ గొట్టాల్లో ఎర్రగా తిరిగే రక్తాన్ని చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. వాళ్లలో ఒక పిల్లాడున్నాడు. కుర్చీలో కూర్చుంటే వాడి కాళ్లు నేలకి అందవు. సూది గుచ్చేటప్పుడు వాడు ఏడవడు. ఆ ఏడవకపోవడమే ఆమె చూడలేకపోతోంది. మిరియం అలాంటి పిల్ల అయిపోతుందేమోనని ఆమె భయం.

"కుళాయి కట్టెయ్యండి. నీళ్లు దండగ."

గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. తానే ముందుకొచ్చి కుళాయి తిప్పేసింది.

"నాకు వినపడకూడదనే కదా ఈ ఏర్పాటంతా? ఏళ్ల తరబడి స్పిన్నింగ్ మిల్లులో పనిచేసినదాన్నిరా నేను. ఆ మోతలో పక్క మనిషి గొణిగితే వినేదాన్ని. మీ కుళాయి ఒక లెక్కా?"

తండ్రి ముఖం పాలిపోయింది. "అంటే అమ్మా, నీకు…"

"మొదటి వారమే తెలుసు. నన్ను వార్డుకి రానివ్వక ఆ హాస్పిటల్ గేటు దగ్గరే కూర్చోబెట్టారుగా, దాని మీద అంత లావు అక్షరాలతో రాసుంటే చదవలేననుకున్నావా?"

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"నా ఎదురుగా నిలబడి అంత కష్టపడి అబద్ధమాడుతున్నారు. నాకు తెలుసర్రా అంటే మీ ముఖాలు ఎక్కడ పెట్టుకుంటారు? పోనీలే అని ఊరుకున్నా." ఆవిడ కుళాయి మీంచి చెయ్యి తీసింది.  "పేరు తెలుసు. చెయ్యి వెయ్యకూడదని మాత్రం తెలీదు. అది గేటు మీద రాయలేదు కదా."

 ముగ్గురికీ జబ్బు పేరు తెలిసి, ఒకరి మీద ఒకరికున్న ప్రేమ కొద్దీ నోళ్లు కట్టేసుకున్నారు. అలాంటి ప్రేమని ఏమని తిట్టాలో నాకూ తెలియడం లేదు.

వ్యానులో నానమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న మిరియం, "నానమ్మా, నువ్వు నా దగ్గర కూర్చోవా?" అని అడిగింది.

"ఇక్కడ గాలి బాగా వస్తోందే బంగారం."

"అలిగావా?"

"నీ మీద అలుగుతానా?"

"అమ్మ మీద అలిగావు కదా. చెయ్యి లాగింది కదా."

తల్లి కిటికీలోంచి బయటికి చూసింది. తండ్రి అక్కర్లేకపోయినా హారన్ కొట్టాడు.

స్కానింగు ఆ సాయంత్రమే అయింది. సర్జన్లిద్దరూ మర్నాడు పొద్దున కూర్చోబెట్టి మాట్లాడారు. చిన్న గది, గోడకి తెర, తెర మీద నలుపూ తెలుపూ మచ్చలు. నానమ్మ పిల్ల దగ్గర వార్డులో ఉంది.

ఈల డాక్టరు ఆ రోజు ఈల వెయ్యలేదు. తెర మీద ఒక చోట పెన్ను కొసతో చూపించాడు. "గడ్డ దగ్గర రక్తం చేరింది. నిన్న నొప్పి అందుకే."

"చిట్లిందా?" అంది తల్లి.

"అదే తేలడం లేదమ్మా. పొర లోపలే రక్తం కారి ఉండొచ్చు. పొర చిట్లి బయటికి వచ్చి ఉండొచ్చు. స్కానులో రెండూ ఇంచుమించు ఒకలాగే కనపడతాయి."

"లోపలే అని నాకనిపిస్తోంది," అంది పొడుగు డాక్టరమ్మ. "నొప్పి తగ్గింది, నాడి బాగుంది. లోపలే అయితే కొన్నాళ్లు ఆగి, ఇంకో విడత మందు ఇచ్చి, అప్పుడు సగం మిగిల్చేలా చెయ్యొచ్చు."

"కాకపోతే?" అన్నాడు తండ్రి.

ఈసారి జవాబు పెద్దాయన చెప్పాడు. "బయటికి చిమ్మి ఉంటే ఆగిన కొద్దీ నష్టం. సగం మిగల్చడం అన్న మాటే ఉండదు. మొత్తం తీసెయ్యాలి. తర్వాత పొట్టకి రేడియేషన్ ఇవ్వాలి. ఆ రేడియేషన్ దెబ్బ కుడి కిడ్నీకి కూడా ఎంతో కొంత తగులుతుంది. వీలైనంత కాపాడతాం, కానీ తగులుతుంది. ఇవాళే తెరవాలని నా అభిప్రాయం. మీరిద్దరూ ఒక మాట అనుకుని చెప్పండి."

పొట్ట నొక్కుకుందా, ఎవరైనా నొక్కారా అని డాక్టరమ్మ అడిగింది. తల్లి నోరు తెరిచింది. తండ్రి అందుకుని, "పిల్ల కదండీ, ఆడుకునేటప్పుడు ఏమైనా తగిలిందేమో" అన్నాడు. తల్లి అతని వంక చూసింది.

బయట లిఫ్టు పక్కన ఇద్దరూ నిలబడ్డారు. లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు చిన్నగా కీచుమంటోంది. తలుపు చక్రం అరిగిందని అతని చెవికి తెలిసిపోయింది. ఇలాంటప్పుడు కూడా ఆ ధ్యాసేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగుదాం," అన్నాడు.

ఆమె తప్పుగా విన్నాననుకుంది. "ఏంటీ?"

"ఆ డాక్టరమ్మ చెప్పినట్టు ఇంకో విడత మందు వేయించి చూద్దాం. సగమన్నా మిగులుతుంది. నువ్వు అడిగిందీ అదేగా?"

"నేనడిగింది నిన్నటిదాకా. ఇప్పుడు తీసెయ్యమందాం. ఇవాళే. మొత్తం."

"మిషను సంగతేంటి? ఆ కుర్చీ సంగతేంటి? రోజూ నాకు చెప్పి ఏడ్చావుగా!"

"మిషను మీదైనా బతికి ఉంటుందిగా."

"అది చిట్లలేదు. లోపలే అంది డాక్టరమ్మ."

"అనిపిస్తోంది అంది. లోపలే అనలేదు."

"లోపలే. నాకు తెలుసు."

"మీకెలా తెలుసు?"

అతను గోడకి ఆనుకున్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. చూస్తూ ఉంటే విషయం మెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక 'మీరు' అన్న మాట నోటికి రాలేదు.

"నువ్వు పాప కిడ్నీ కోసం ఆగుదామనడం లేదు. మీ అమ్మ కోసం అంటున్నావు. ఇవాళ తెరిస్తే లోపల చిట్లి కనపడుతుందని భయం. ఆవిడ చేతి వల్లే అని తేలిపోతుందని భయం."

"అవును!" అన్నాడు. అటుగా పోతున్న వార్డు ఆయా ఆగి చూసింది. అతను గొంతు తగ్గించాడు. "అవును, భయమే. అది తేలాక అమ్మ బతుకుతుందా? అన్నం ముట్టుకుంటుందా? మనం చెప్పకపోవడం వల్ల కదా ఆవిడ చేసింది. అది నా తప్పు. నా తప్పుకి అమ్మ ఎందుకు చావాలి?"

"నీ తప్పుకి నా కూతురెందుకు చావాలి?"

అతను చేతులతో ముఖం కప్పుకున్నాడు. నిన్నటి గ్రీజు గోళ్ల సందుల్లో ఇంకా అలాగే ఉంది. ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు కోపమూ వచ్చింది. అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది, వెయ్యలేదు. లిఫ్టు రెండుసార్లు పైకెళ్లి కిందికొచ్చింది.

లోపలికెళ్లి ఇద్దరూ చెరో మాట చెప్పారు. ఈల డాక్టరు ఇలాంటి తల్లిదండ్రుల్ని చాలామందిని చూసి ఉంటాడు, విసుక్కోలేదు.

"సరే. ఇంకోటి చెప్తాను, వినండి. ఆగడం మాత్రం వద్దు, ఈవిడ కూడా దానికి ఒప్పుకుంది. ఇద్దరం కలిసే చేస్తాం. పొట్ట తెరిచి పొర చూస్తాం. బాగుంటే సగం మిగిల్చే ప్రయత్నం చేస్తాం. చిట్లి ఉంటే మొత్తం తీసేస్తాం. అక్కడ చూసి మేమే తేల్చుకుంటాం. ఏది చేసినా సరే అని సంతకం పెట్టగలరా?"

ఇద్దరూ పెట్టారు. చాలా రోజుల తర్వాత వాళ్లిద్దరూ ఒకే మాట మీదకి రావడం అదే మొదటిసారి, అదీ తాము ఏదీ తేల్చుకోలేమని ఒప్పుకోవడానికి. సంతకం పెట్టాక తండ్రికి బరువు దిగినట్టయింది. బరువు దిగినందుకు సిగ్గు కూడా వేసింది.

మిరియాన్ని తీసుకెళ్లేటప్పుడు నానమ్మ స్ట్రెచర్ పక్కనే తలుపు దాకా నడిచింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచింది.

థియేటర్ బయట బల్ల పొడుగ్గా ఉంది. ఒక కొసన తల్లి, ఇంకో కొసన తండ్రి, మధ్యలో నానమ్మ కూర్చున్నారు. ఎదురుగా నీళ్ల మిషన్ గుడగుడమంటోంది. ఎవరో ఇచ్చిన టీలు అలాగే చల్లారిపోయాయి. తల్లి లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది.

తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. "పాప తాలూకు వాళ్లు ఒకరు లోపలికి రండి. డాక్టరుగారు మాట్లాడతారంట."

తండ్రి లేచాడు. లేచిన చోటే నిలబడిపోయాడు. తల్లి అసలు లేవలేదు. ఆపరేషన్ మధ్యలో డాక్టరు కబురు పెట్టడం మంచికి కాదని హాస్పిటల్లో పనిచేసే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేను వెళ్తాను," అంది నానమ్మ.

"అమ్మా, నువ్వొద్దు…"

"ఇన్నాళ్లూ అందరికన్నా చివర నేనే విన్నాను కదరా. ఇవాళ ముందు నన్ను విననీ."

తలుపుకున్న చిన్న అద్దంలోంచి వాళ్లకి అంతా కనపడింది. ఈల డాక్టరు ముఖానికున్న గుడ్డ కిందికి లాక్కుని, పెద్దావిడ ఎత్తుకి వంగి చెబుతున్నాడు. ఆవిడ తలూపింది. ఆయన ఇంకేదో చెప్పాడు. ఆవిడ ఏదో అడిగింది. ఆయన ఇంకా వంగి జవాబు చెప్పాడు. చెప్పాక ఆవిడ భుజం తట్టాడు.

నానమ్మ బయటికొచ్చి బల్ల వైపు చూసింది. "పక్కపక్కన కూర్చోండి ఇద్దరూ. అలా చెరో మూల కూర్చుంటే నేను చెప్పలేను."

కూర్చున్నారు.

"చిట్లింది. వెనక పక్కన. రక్తంతో పాటు కొంచెం బయటికొచ్చిందంట. కిడ్నీ మొత్తం తీసేస్తున్నారు. మిగల్చడానికి ఏమీ లేదన్నాడు, ఆ పొడుగమ్మాయి కూడా చూసి ఒప్పుకుందంట. తర్వాత పొట్టకి కరెంటు పెట్టాలన్నాడు. ఇక ఆ కుడిదాని మీదే ఆశ అన్నాడు."

తండ్రి నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది.

"నా చెయ్యేనా బాబూ అనడిగాను. ఏమోనమ్మా, వాటంతటవి కూడా చిట్లుతుంటాయి, ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను అన్నాడు." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. "చెప్పగలిగుంటే బాగుండేదిరా. అవునంటే ఏడ్చేదాన్ని. కాదంటే నీళ్లు తాగేదాన్ని. ఇప్పుడేం చెయ్యను?"

మీ వల్ల కాదత్తయ్యా అని ఒక్క మాట అనాలి. తల్లికి తెలుసు అనాలని. ఆ మాట కోసం లోపల ఎంత వెతుక్కున్నా దొరకలేదు. చివరికి అత్తగారి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నిన్న తాను పట్టి లాగిన మణికట్టు దగ్గర కొంచెం కమిలి ఉంది.

పొద్దువాలుతుండగా మిరియాన్ని బయటికి తెచ్చారు. మంచం చుట్టూ నలుగురు, తల దగ్గర ఒకరు, సీసాల స్టాండుతో ఒకరు. ఐసీయూలోకి తీసుకెళ్లేముందు తలుపు దగ్గర కాసేపు ఆపారు. తండ్రి పరిగెత్తి ముందుకెళ్లాడు. పిల్ల ముఖం తెల్లగా, ప్రశాంతంగా ఉంది. గుండు మీద సన్నగా చెమట పట్టింది.

"చూడవే, హాయిగా నిద్రపోతోంది," అన్నాడు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "ఎలా ఉంది మన మిరియం! చూడు."

తల్లి ముఖం చూడలేదు. మంచం కింద వేలాడుతున్న మూత్రం సంచీని చూసింది. అందులో ఏమీ లేదు. థియేటర్లోంచి తెచ్చేముందు సంచీ ఖాళీ చేస్తారు, అది మామూలే, ఆమె కూడా వందల సార్లు చూసిందే. వంగి, సంచీలోకి దిగే గొట్టాన్ని పైదాకా చూపులతో వెతికింది. మిగిలిన ఆ కుడి కిడ్నీ పనిచేస్తుంటే ఈపాటికి గొట్టంలోనైనా నాలుగు చుక్కలు దిగుతుండాలి. గొట్టంలో కూడా ఒక్క చుక్క లేదు.

"ఏంటి అలా కిందికి చూస్తున్నావు?" అన్నాడు అతను.

ఆమె లేచి నిలబడింది. ముఖం సర్దుకుంది.

"ఏం లేదు," అంది.

వెనకే నిలబడ్డ నానమ్మ, కోడలు చూసిన చోటే, తానూ వంగి చూసింది.